పాత పోర్షే ఎందుకు మరుగుతోంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు ఫోన్ చేసి "కృత్రిమ మేధ గురించి పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. దాని గురించి నాకంటే ఇంట్లో మీ పిల్లలకే ఎక్కువ తెలుసు. ముప్ఫై ఏళ్లుగా నేను చేస్తున్న పని ఒక్కటే. ఇంజన్‌లో పుట్టిన వేడిని బయటికి పంపించడం. కాబట్టి తెలిసిన సంగతే చెప్తాను. ఒక పాత స్పోర్ట్స్ కారు కథ ఇది. మన ఊళ్లో ట్రాక్టరు ఉన్నవాళ్లకి కూడా పనికొస్తుంది.

మిషిగన్‌లో నాతో పాతికేళ్లు పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన దగ్గర 1986 నాటి పోర్షే 944 ఉంది. కొత్తదిగా కొన్నారు. భార్యాభర్తలిద్దరూ అందులో సగం దేశం తిరిగారు. ఆవిడ పోయాక ఆదివారం ఉదయాలు ఆయన ఒక్కరే నడుపుతున్నారు. అలాంటి కారు మొన్న వేసవిలో మరగడం మొదలుపెట్టింది. ఒక వర్క్‌షాపులో హోసులు మార్చారు, తగ్గలేదు. రెండోసారి వెళ్తే "హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజన్ విప్పాలి" అన్నారు. వాళ్లిచ్చిన లెక్క కారు విలువ కంటే ఎక్కువ. ఆయన స్పేర్ పార్టుల కింద అమ్మేయడానికి సిద్ధపడి, చివరిసారి నన్ను చూడమన్నారు.

కారు గురించి రెండు ముక్కలు. పోర్షే అనగానే వెనక ఇంజను, గాలితో చల్లబడేది అనుకుంటాం. ఆ 911 వేరు. ఈ 944ని 1982 నుంచి 1991 దాకా తయారుచేశారు. ఇంజను ముందే ఉంటుంది, 2.5 లీటర్లు, నాలుగు సిలిండర్లు, నీటితో చల్లబడుతుంది. బ్లాకు, హెడ్డు రెండూ అల్యూమినియమే. మంచి డిజైన్. కానీ దాదాపు నలభై ఏళ్ల రబ్బరు, ప్లాస్టిక్కు, తీగలు ఎవరు తయారుచేసినా ముసలివవుతాయి. అల్యూమినియం హెడ్డు విపరీతమైన సెగ తగిలితే వంగిపోతుంది. అందుకే "కాస్త వేడెక్కింది, ఇంటిదాకా వెళ్లిపోదాం" అనుకోకూడదు.

ఇప్పుడు మన ఎనిమిదో తరగతి సైన్సు. పెట్రోలు మండగా వచ్చే శక్తిలో సుమారు మూడో వంతు కూలెంట్‌లోకి పోతుంది. దాన్ని రేడియేటర్ గాలికి అప్పగించాలి. నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి. ప్రెషర్ కుక్కర్‌లో పైన వెయిట్ ఉంది కాబట్టి సుమారు 120 దాకా మరగవు, అందుకే కందిపప్పు తొందరగా ఉడుకుతుంది. కారులో ఆ వెయిట్ పని చేసేది కూలెంట్ ట్యాంకు మూత. మూత వాషరు పోయిందంటే ఇంజను బాగున్నా కూలెంట్ ముందే మరుగుతుంది. వేడి మీద మూత తీస్తే ఏమవుతుందో కుక్కర్ విజిల్ తీసిన అత్తయ్యలందరికీ తెలుసు. శ్రీశైలం ఘాటు మీద తడిగుడ్డ వేసి మూత తిప్పే డ్రైవర్లని చిన్నప్పుడు చూశాను. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. గంట ఆగండి.

నేను వెళ్లగానే పనిముట్లు తీయలేదు. ముందు "ఎప్పుడు వేడెక్కుతోంది సార్?" అని అడిగాను. నా దృష్టిలో సగం పరీక్ష ఈ ప్రశ్నే. హైవే మీద బాగుండి సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కుతోందంటే గాలి ఆడటం లేదు, ఫ్యాన్లు చూడాలి. ఊళ్లో బాగుండి హైవే మీద వేడెక్కుతోందంటే నీళ్లు సరిగా తిరగడం లేదు. రేడియేటర్ పూడిపోయిందేమో, పంపు అరిగిందేమో, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోవడం లేదేమో చూడాలి. స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకే ముల్లు లేస్తే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా కూలెంటే లేదు. ముల్లు ఒక్కసారి ఎగిరి మళ్లీ పడిపోతుంటే లోపల గాలి బుడగ, లేదా తీగ వదులు. ఆయన రెండు మాటలు చెప్పారు. "సిగ్నల్ దగ్గరే ఎక్కువ. అప్పుడప్పుడు ముల్లు గెంతుతుంది." ఇంకొకటి, కింద మడుగు కనపడకుండా కూలెంట్ తగ్గుతోంది. వర్క్‌షాపు వాళ్లు గ్యాస్కెట్ అనడానికి కారణం ఇదే, ట్యాంకులో బుడగలు కూడా చూశారట. అనుమానం తప్పు కాదు. పరీక్ష చేయకుండా తీర్పు చెప్పడం తప్పు.

గ్యాస్కెట్ పోతే మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంది. అది తెలుసుకోవడానికి నీలంరంగు ద్రవం ఒకటి ఉంది. ఇంజన్ నడుస్తుండగా ట్యాంకు పైనున్న ఆవిరిని రబ్బరు బుడ్డితో ఆ ద్రవంలోకి లాగాలి. అందులో బొగ్గుపులుసు వాయువు ఉంటే నీలం పసుపవుతుంది. మనం సున్నపు తేటలోకి ఊదితే అది పాలలా మారేది, గుర్తుందా? అదే సూత్రం. రెండుసార్లు చేశాను. నీలం నీలంగానే ఉంది. ఆయిల్ కూడా తేటగా ఉంది, మజ్జిగలా కాలేదు. గ్యాస్కెట్‌ని నిర్దోషిగా వదిలేశాం.

తర్వాత ఫ్యాన్లు. మన అంబాసిడర్‌లో ఫ్యాను ఇంజన్ బెల్టుతో తిరిగేది, ఇంజన్ ఆడుతుంటే అదీ ఆడేది. 944లో కరెంటు ఫ్యాన్లు. రేడియేటర్‌కి బిగించిన ఒక వేడి స్విచ్చి వాటిని వేస్తుంది. డ్యాష్‌బోర్డు ముల్లుకి కబురు చెప్పేది మాత్రం ఇంజన్ మీదున్న వేరే సెన్సరు. చాలామంది పొరబడేది ఇక్కడే. ముల్లు ఎర్రగీత దగ్గరుంది, ఫ్యాన్లు తిరగడం లేదు, కాబట్టి ఫ్యాన్లు పోయాయి అనుకుంటారు. థర్మోస్టాట్ మూసుకుపోతే వేడి నీళ్లు రేడియేటర్ దాకా రావు. రేడియేటర్ చల్లగా ఉంటే స్విచ్చి ఎందుకు వేస్తుంది? అప్పుడు ఫ్యాన్లు ఆగడం ఫలితమే కానీ కారణం కాదు.

అందుకని దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో స్విచ్చి పక్కనే రేడియేటర్‌ని చూశాను. బాగా వేడిగా ఉంది. అంటే నీళ్లు వస్తున్నాయి, థర్మోస్టాట్ తెరుచుకుంది. అయినా ఫ్యాన్లు కదల్లేదు. ఏసీ వేస్తే తిరిగాయి. స్విచ్చి ప్లగ్గు పీకి, తీగలు కలిపి చూస్తే అప్పుడూ తిరిగాయి. మోటార్లు, ఫ్యూజు, రిలే అన్నీ బాగున్నాయి. చచ్చింది స్విచ్చి ఒక్కటే. దాని ఖరీదు నలుగురు హోటల్లో తినేంత కూడా లేదు.

పెద్దాయన సంతోషంతో కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లారు. నాకు మాత్రం కూలెంట్ ఎటు పోతోందో ఇంకా తేలలేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక చేతిపంపు బిగించి మూత మీద రాసిన ఒత్తిడి దాకా గాలి కొట్టాం. ముల్లు నిలవలేదు. పదిహేను నిమిషాల్లో కొద్దికొద్దిగా దిగింది. టార్చి పట్టుకుని వెతికితే ముందువైపు బెల్టు కవరు కింద ఎండిపోయిన తెల్లటి చార కనపడింది. వాటర్ పంపు సీలు కారుతోంది. ఇంజన్ వేడికి అక్కడికక్కడే ఆరిపోతోంది కాబట్టి నేల మీద మడుగు లేదు.

నాకు నిజంగా భయమేసింది అప్పుడే. ఈ ఇంజన్‌లో వాటర్ పంపుని తిప్పేది మామూలు ఫ్యాన్ బెల్టు కాదు, టైమింగ్ బెల్టు. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో నడిపించే బెల్టు అది. సీలు పోయిన పంపుకి తర్వాత పోయేది బేరింగు. బేరింగు పట్టేస్తే బెల్టు తెగుతుంది, లేదా పళ్లు జారుతుంది. బెల్టు పోతే ఈ ఇంజన్‌లో పైకి వచ్చే పిస్టన్లు తెరిచున్న వాల్వులని గుద్దుతాయి. ఒక్క క్షణంలో ఇంజన్ అయిపోతుంది. మనం స్విచ్చి ఒక్కటీ మార్చి, ముల్లు సరిగ్గా నిలబడిందని సంబరపడి పంపించి ఉంటే, ఆయన ఏదో ఆదివారం హైవే మీద దారి పక్కన నిలబడేవారు. కాఫీ తాగుతూ ఇదంతా చెప్పాను. తాళాలు తీసుకుని నా జేబులో వేసుకున్నాను. ఆయనకి నచ్చలేదు, కానీ ఏమీ అనలేదు.

రెండు శనివారాలు పట్టింది. పంపు, టైమింగ్ బెల్టు, రోలర్లు, బ్యాలెన్స్ షాఫ్టుల బెల్టు, ఎలాగూ విప్పాం కదా అని థర్మోస్టాట్, ఫ్యాను స్విచ్చి మార్చాం. కొత్త థర్మోస్టాట్‌ని కూడా స్టవ్ మీద గిన్నెలో, థర్మామీటరు పెట్టి, మరిగించి చూశాకే బిగించాను. కొత్తదాన్ని నమ్మాలని రూలేం లేదు. బెల్టు బిగువు మాత్రం చేతి అంచనాతో వదలకుండా గేజితో కొలిచాం.

కూలెంట్ నింపడం చివరి పని. తేలిగ్గా కనపడుతుంది కానీ ఈ కారు మొండికేసేది ఇక్కడే. హెడ్డు ముందుభాగాన, కూలెంట్ బయటికొచ్చే చోట గాలి తీసే స్క్రూ ఉంటుంది. కారు ముక్కు ఎత్తి, హీటరు పూర్తి వేడి మీద పెట్టి, స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి ద్రవం ఒకే ధారగా వచ్చేదాకా పోయాలి. హోసులు మార్చినవాళ్లు ఈ పని చేసినట్టు లేదు. ముల్లు గెంతడానికి, ట్యాంకులో బుడగలకి అదే కారణం. పోసింది ఫాస్ఫేటు లేని కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటరు సగం. ఇక్కడ ఒక మాట మన ఊరివాళ్లకి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. స్నానాల బాయిలర్‌లో పేరుకునే తెల్లటి ఉప్పు రేడియేటర్ సన్నటి గొట్టాల్లో కూడా పేరుకుంటుంది. బాయిలర్‌ని గోకి శుభ్రం చేసుకోవచ్చు. గొట్టాలని గోకలేం.

అన్నీ బిగించాక వాకిట్లో అరగంటపైన ఆడించాం. ముల్లు నెమ్మదిగా లేచింది, ఫ్యాన్లు వాటంతట అవే తిరిగాయి, ముల్లు దిగింది, ఫ్యాన్లు ఆగాయి. ఇలా ఆరుసార్లు. ఏడోసారి చూడకుండానే పెద్దాయన తాళాలు అడిగారు. తర్వాత వారం మళ్లీ చల్లటి ఇంజన్ మీద మట్టం చూస్తే ఒక గ్లాసుడు తగ్గింది. ఎక్కడో మిగిలిన గాలి బయటికొచ్చిందన్నమాట. కలిపాం. అప్పటి నుంచి గీత దగ్గరే ఉంది.

ఎవరి బండైనా వేడెక్కుతుంటే భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి. ఎప్పుడు వేడెక్కుతోందో మాత్రం గుర్తు తెచ్చుకుని రండి.