ముసలి పిల్లికి పడిశం

మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడమంటే వీడు పిల్లి గురించి మొదలుపెట్టాడేమిటని నవ్వకండి.

మా పిల్లికి 14 ఏళ్లు. ఏడాదిగా తుమ్ములు, చీమిడి, గురక. జలుబే కదా అని నేను ముక్కు పక్కన బామ్ రాశాను. చొంగ కార్చుకుంటూ మంచం కింద దూరి, రెండు రోజులు ముద్ద ముట్టలేదు. పారాసిటమాల్ అరబిళ్ల కూడా విరిచాను. మా ఆవిడ "ముందు డాక్టరుగారిని అడగండి" అని చెయ్యి పట్టుకోబట్టి అది బతికింది. ఆ మందును అరాయించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు, కొంచెమైనా ప్రాణం తీస్తుంది. కర్పూరం, నీలగిరి తైలం కలిసిన బామ్‌లూ దానికి విషమే.

చిన్నప్పుడు సోకిన హెర్పిస్ వైరస్ ఒంట్లోనే ఉండిపోయి, ముక్కులోని పలుచని ఎముకలను, పొరలను దెబ్బతీస్తుందట. ఆపైన బాక్టీరియా చేరుతుంది. ఇలా ముదిరింది పూర్తిగా పోవడం అరుదు. అసలు చిక్కేమిటంటే, వాసన తెలియకపోతే పిల్లి తినదు. కొద్ది రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. అందుకే చేపముక్కలు గోరువెచ్చగా చేసి పెడుతున్నాం. తడిదూదితో ముక్కు తుడుస్తాం. స్నానాల గదిలో వేడినీళ్లు పట్టి, బకెట్ దానికి అందకుండా పెట్టి, తలుపేసుకుని పది నిమిషాలు నేనూ కూర్చుంటాను. నా పడిశానికీ పనికొస్తోంది లెండి!

ఒక ముక్కులోంచే చీమో నెత్తురో వస్తే మాత్రం ఆలస్యం చేయకండి. పంటి వేరు చెడి ఉండవచ్చు, లోపల గడ్డ ఉండవచ్చు.

ఇప్పుడు తింటోంది. నేను మోకాలికి బామ్ రాసుకున్న రోజున మాత్రం నా ఒళ్లోకి రాదు.