లెక్కకు రాని వాగు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక యాంటీబయాటిక్ మాత్ర తయారీలో పర్యావరణానికి ఎంత నష్టం జరిగిందో లెక్కగట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కంపెనీ తన గేటు దగ్గర మొదలుపెడుతుంది. అక్కడ పొడిని మాత్రగా చేసి, డబ్బాల్లో సర్దుతారు. అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. కానీ మాత్రలోని అసలు మందు, మనం బల్క్ డ్రగ్ అనేది, చాలాసార్లు ఇంకెక్కడో తయారవుతుంది. మురికి అక్కడే మిగులుతుంది.

హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరు అలాంటి చోటు. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు వచ్చేవి. శుద్ధి అయి బయటికొచ్చిన నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉంది. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. ఒక్కరోజులో బయటికి పోయినది సుమారు 45 కిలోలు, అంటే స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడేంత. ఇస్కవాగు, నక్కవాగు, మంజీర దారిలో ఉన్న ఊళ్ళకు చేరింది ఈ నీరే.

ఇలాంటి నీటిలో బతికే క్రిములు మందులకు లొంగకుండా తయారవుతాయి. రేపు బాలింతకు జ్వరమొస్తే, పసిబిడ్డకు నిమోనియా వస్తే మందు పనిచేయకపోవచ్చు. వాగు పాడైతే నీళ్ళకోసం దూరం నడిచేదీ, రోగులకు చాకిరీ చేసేదీ ఆడవాళ్ళే. ఈ నష్టం ఏ కంపెనీ ఖాతాలోనూ కనిపించదు.

సరఫరాదారుల దగ్గర వెలువడే కార్బన్‌ను కూడా లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి 2011లో వచ్చింది. అది అవసరమే. కానీ కార్బన్ టన్నుల్లో వాగు కనిపించదు. పైగా చాలా కంపెనీలు సరుకుకు పెట్టిన ఖర్చును ఒక సగటు అంకెతో గుణించి ఊరుకుంటాయి. ఆ పద్ధతిలో చవగ్గా కొంటే లెక్క తగ్గుతుంది! ఆ చవక కాలువలోకి వదిలిన వ్యర్థాల వల్ల వచ్చిందేమో ఎవరు అడగాలి?

చట్టం అడుగుతుందనుకున్నాం. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని పాటించి తీరాలన్న నిర్బంధం లేదు.

కాబట్టి మనమే అడగాలి. మీకు ముడిమందు అమ్మేవాళ్ళ పేర్లు, ఊర్లు బయటపెడతారా? నీటిని కొలిచారా, అంచనా వేశారా? కొలిస్తే ఏ కాలువ దగ్గర, ఎవరి సమక్షంలో? ఆ ఊరి ఆడవాళ్ళ ముందు నమూనా తీస్తారా, ఫలితం తెలుగులో పంచాయతీ గోడకు అంటిస్తారా?

పర్యావరణ అనుమతులకోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్ళినప్పుడు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసి ఇవ్వండి, రికార్డులో చేర్చమనండి. "మీకు సాంకేతిక విషయాలు తెలియవు" అని అధికారులు అంటారు. వాగు రంగు ఏ రోజు మారిందో, గేదె ఏ రోజు నీళ్ళు ముట్టలేదో మనకు తెలుసు. ఆ తేదీలు కూడా రాసి పెట్టుకోండి. అదీ కొలతే.