ఒకే పేరు - రెండు జబ్బులు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది ఉద్యోగ విరమణ తరువాత స్వగ్రామం చేరుకున్నవారే. పల్లెలో పొట్టకు సంబంధించిన ఏ బాధకైనా ఒకటే పేరు: గ్యాస్ ట్రబుల్. మందూ ఒకటే: షాపులో అడిగి తెచ్చుకునే బిళ్ళ. ఆ ఒక్క పేరు వెనుక తరచు రెండు జబ్బులు దాగి ఉంటాయని మనవి చేయడమే నా ఉద్దేశ్యం.

మొదటిది ఆమ్లం ఎగదన్నడం. అన్నవాహిక, జీర్ణాశయం కలిసేచోట కవాటంలా పనిచేసే కండరం సడలితే ఆమ్లం పైకి వచ్చి ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు పుట్టిస్తుంది. రెండవదాన్ని వైద్యులు ఐ.బి.ఎస్. అంటారు. కడుపునొప్పి, ఉబ్బరం, కొన్నాళ్ళు విరేచనాలు, కొన్నాళ్ళు మలబద్ధకం దీని లక్షణాలు. పరీక్షల్లో పుండు గానీ, వాపు గానీ కనబడదు. అయినా రోగి పడే బాధ నిజమే.

ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం అరుదేమీ కాదు. జీర్ణమండలానికి, మెదడుకు నడుమనున్న నరాలు అతిగా స్పందించడం రెండింటికీ ఒక కారణం. పల్లెల్లో దీనికి మరికొన్ని తోడవుతాయి. కలుషితమైన నీరు, ఆహారం వల్ల వాంతులు, విరేచనాలు పట్టి తగ్గినవారిలో సుమారు పదిమందికి ఒకరికి తరువాత ఐ.బి.ఎస్. మిగిలిపోతుంది. మరుగుదొడ్డి లేక ఆపుకొనే అలవాటు మలబద్ధకాన్ని పెంచుతుంది.

చిక్కెక్కడంటే, ఆమ్లం బిళ్ళ మంటను తగ్గిస్తుంది గాని పేగులను బాగుచేయదు. ఉబ్బరం మిగిలేసరికి మందు పనిచేయలేదనుకొని డాక్టర్లను మారుస్తూ పోతాం. రెండు బాధలనూ విడివిడిగా చెప్పుకుంటే ఈ ఖర్చు తప్పుతుంది. ఒమెప్రజోల్ బిళ్ళను భోజనానికి అరగంట ముందు వేసుకోవాలని కూడా గుర్తుంచుకోండి.

మనం వాడే ఇతర మందులూ కారణం కావచ్చు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ ఆ కండరాన్ని సడలించవచ్చు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ కొందరికి విరేచనాలు, ఐరన్ బిళ్ళలు మలబద్ధకం తెస్తాయి. మోకాళ్ళ నొప్పుల బిళ్ళలు జీర్ణాశయంలో పుండ్లు చేయగలవు. వీటిని సొంతంగా మానవద్దు. చీటీలన్నీ డాక్టరుకు చూపించండి.

రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించండి. మంచం తలవైపు కోళ్ళ కింద 6 అంగుళాల ఎత్తు పెట్టి, ఎడమవైపు తిరిగి పడుకోండి. పాలు పడనివారు కొన్నాళ్ళు మాని చూడండి. మలబద్ధకానికి ఇసబ్‌గోల్‌ను తగినన్ని నీళ్ళతో తీసుకోవచ్చు. చుట్ట, బీడీ మానండి.

చివరగా అతి ముఖ్యమైన మాట. 50 ఏళ్ళు దాటాక మలవిసర్జన తీరు కొత్తగా మారితే, అది ఐ.బి.ఎస్. అని మనకు మనమే తీర్మానించుకోరాదు. ముద్ద దిగకపోయినా, మలం తారులా నల్లగా ఉన్నా, రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత ఉన్నా, విరేచనాలు రాత్రి నిద్రలేపినా ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఆయాసం వస్తే గ్యాసని సోడా తాగుతూ కూర్చోవద్దు. అది గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ నాలుగు మాటలూ మీ ఊళ్ళో పదిమందికీ చెప్పమని కోరుతున్నాను.