గర్భాశయ రక్షణము



పెద్దలు నలుగురిలో పలుకుటకు సంకోచించు విషయము నొకదానిని నేడు ప్రస్తావింప దలచితిని. గర్భాశయపు మెడకు సోకు కాన్సరు, దాని పిదప సంతానము కలుగు నవకాశము నా ప్రసంగ విషయములు. నేను వైద్యుడను గాను, బడిపంతులను. ఐనను ఈ సంకోచమువలన ఇండ్లు చెడుచుండగా ఊరకుండుట ధర్మమని తోచలేదు.

గర్భాశయమును బోర్లించిన కుండగా భావింపుడు. దాని మెడయందు పాపిల్లోమా అను వైరసు పెక్కేండ్లు నిలిచినచో ఈ వ్యాధి పుట్టును. పూర్వము శస్త్రవైద్యులు గర్భాశయమంతయు తీసివేయుచుండిరి. ప్రాణము దక్కెడిది, సంతానాశ పోయెడిది.

కాన్సరు సోకినను గర్భాశయమును నిలుపవచ్చునను ఆశకు మన సీమతో సంబంధము కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యవమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమందు మెథోట్రెక్సేటు అను మందు రూపొందెను. మాయనుండి పుట్టు వేరొక కాన్సరు దానిచే నయమగునని 1956లో అచ్చటి వైద్యులు చూపిరి. గర్భాశయము తీయకయే స్వస్థులైన స్త్రీలు పలువురు పిమ్మట తల్లులైరి.

మెడకు సోకిన వ్యాధికి మాత్రము వేరు ఉపాయము కావలసివచ్చెను. ఫ్రాన్సుదేశపు లియాన్ నగరమున డేనియల్ డార్జాన్ అను వైద్యుడు 1987 మొదలు దానిని ఆచరించి, 1994లో ప్రకటించెను. మెడను, దాని చుట్టునున్న కొంత భాగమును మాత్రమే కోసి, పైనున్న గర్భాశయమును నిలిపి, క్రింది మార్గముతో కలిపి కుట్టుదురు. పిండము జారకుండుటకై గట్టి దారముతో అంచును బిగింతురు. కొన్ని నెలల పిదప ఆ స్త్రీ గర్భము ధరింపవచ్చును. గర్భస్రావమునకు, నెలలు నిండకమునుపే ప్రసవమునకు భయము హెచ్చు గనుక ఆసుపత్రివారి కనిపెట్టు అవసరము. కాన్పు కడుపు కోసియే చేయుదురు.

అయితే వ్యాధి చిన్నదై, సాధారణముగా రెండు సెంటీమీటర్లకు మించక, ఇతర స్థలములకు ప్రాకకున్నప్పుడే ఇది సాధ్యము. గట్టున చెమ్మ కనబడిననాడు ఒక తట్ట మట్టి చాలును. గండి పడిన పిదప ఊరంతయు కదలినను చాలదని డెల్టా రైతులకు నేను చెప్పవలెనా?

“మొదట బిడ్డ కలుగనిండు, చికిత్స పిమ్మట చూతము” అని కోడలిని ఆపు పెద్దలు ఆ బిడ్డనే దూరము చేసికొనుచున్నారు. ముట్టుకాని దినములలో గాని, దాంపత్యానంతరము గాని, ముట్లుడిగిన పిదప గాని రక్తము కనబడినచో జాగు చేయక వైద్యురాలి కడకు పంపుడు. ఆరంభమున ఏ గుర్తును లేకపోవచ్చును గనుక ముప్పదేండ్లు దాటిన స్త్రీలకు పరీక్ష చేయింపుడు. తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు టీకా వేయింపుడు.

చికిత్స పిమ్మట సంతానము కలుగకున్నను ఆమెను నిందింపకుడు. దక్కిన ప్రాణమే ఆ యింటికి మొదటి భాగ్యము.