ఏరే యంత్రాన్ని నిలదీసే నాయకత్వం కావాలె

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



మిర్యాలగూడ రైసు మిల్లులు మనకు కొత్తవి కావు. రాళ్లు, నల్ల గింజలు ఒకప్పుడు చేతులతో ఏరేది. ఇప్పుడు ఆ పని సార్టెక్స్ మిషన్ చేస్తున్నది. కెమెరా ఒక్కో గింజ రంగు చూస్తది, కంప్యూటర్ మంచిదో చెడ్డదో తేలుస్తది, గాలి చెడ్డ గింజను పక్కకు తోస్తది. నన్నెందుకు తోసినవని గింజ అడగదు. మనిషి అడగాలె. ఎందుకంటే ఇప్పుడు మనుషుల్ని కూడా యంత్రమే ఏరుతున్నది.

తెలంగాణ ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ పెట్టింది. వేర్వేరు శాఖల రికార్డుల్లో పేర్లు, చిరునామాలు పోల్చి, ఈ ఇద్దరూ ఒక్కరే అని అది అంచనా కడుతది. కృత్రిమ మేధ, అంటే ఏఐ, చేసే పనుల్లో ఇదొకటి. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుని కుటుంబానికి కారున్నదని బియ్యం ఆపిన్రు. ఆ కారు అట్లాంటి పేరే ఉన్న మరొకరిది. మన వాడల్లో ఎందరు సైదులు, ఎందరు ఎల్లమ్మలు! ఇంటిపేరు ఒకటే, తండ్రి పేరు ఒకటే. ఈ పొరపాటు ఎవరి కంచం మీద పడుతదో వేరే చెప్పాలా?

2014 తర్వాత రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయినయి. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. 2025 జూలైలో మన జిల్లా తిరుమలగిరిలోనే కొత్త కార్డుల పంపిణీ మొదలైంది. సంతోషమే. కానీ ఏ లెక్కతో తీసేస్తరో తెలియనంత కాలం చేతిలో కార్డుకు భరోసా లేదు.

యంత్రాన్ని పగలగొట్టుమని నేనంటలేను. తప్పు యంత్రానిది కాదు, దాని ఫలాన్ని కొందరికే కట్టబెట్టే సమాజానిదని 1945లోనే అంబేద్కర్ గాంధీవాదాన్ని విమర్శిస్తూ తేల్చిండు.

నిన్నటి నాయకునికి గొంతు, దరఖాస్తు రాసే చెయ్యి, ఆఫీసర్ల పరిచయం ఉంటే సరిపోయేది. ఇప్పుడు దరఖాస్తు ఫోనే రాసిపెడుతది. కానీ అందులో పేరు, తేదీ, సర్వే నంబరు నిజమని అది పూచీ పడదు. లేనిది ఉన్నట్టు కూడా రాస్తది. ప్రతి అక్షరం సరిచూసే పని మనదే.

‘సిస్టంల రాలేదు’ అనంగనే లేచి వచ్చుడు నాయకత్వం కాదు. ఏ రికార్డు చూసి తీసేసిన్రు? నిర్ణయం తీసుకున్న అధికారి ఎవరు? రాతపూర్వకంగా అడగాలె. 2005 నుంచి సమాచార హక్కు చట్టం మన చేతిలున్నది. ఒక్క కార్డు పోతే ఒక ఇంటి బాధ. మూడు పట్టణాల చుట్టుపక్కల వాడల్లో పోయినవన్నీ ఒక్క తాన రాస్తే అది సాక్ష్యం.

మిల్లుల సంగతీ అంతే. చేతిపని పోయిన ఆడోళ్లకు మిషన్ నడుపుడు నేర్పిస్తరా? ఐటీఐ సీట్లలో మన బిడ్డలెందరు? ఇది యజమానుల్ని, సర్కారును సంఘంగా అడగాల్సిన మాట.

వాడకు ఇద్దరు, అందులో ఒకరు తప్పకుండా ఆడబిడ్డ, రేపటి నుంచే నోటుబుక్కు పట్టాలె. కార్డు, పింఛను, కూలి, ఏది ఆగినా తేదీతో సహా రాయాలె. వచ్చే తరగతికి ఆ బుక్కులతోనే రండి.

జై భీమ్!