కొండ మడి, రాతి గట్టు, నీటి వంతు



ఒమాన్‌లో ఏళ్ల తరబడి ఉండి కూడా జబల్ అఖ్దర్ కొండ ఎక్కనివాళ్లు మనలో చాలామందే ఉన్నారు. సెలవు దొరకడమే గగనం. పైగా ఫోర్ వీల్ బండి లేకపోతే బిర్కత్ అల్ మౌజ్ దాటాక పోలీసులు వెనక్కి పంపేస్తారు. అయినా వీలు చూసుకుని ఒక్కసారి వెళ్లండి. గులాబీలతో ఫొటోలు దిగడానికి కాదు, ఆ గులాబీలను నిలబెట్టిన గట్లు చూడటానికి. ఇంటి దగ్గర ఎకరమో, రెండెకరాలో వాలు భూమి ఉన్నవాళ్లకు అక్కడ నేర్చుకునేది ఉంది.

అల్ ఐన్, అల్ అఖర్ ఊళ్ల కింద, దాదాపు 2000 మీటర్ల ఎత్తున, లోయలోకి మెట్లు మెట్లుగా మడులు దిగుతాయి. అక్కడ ఏడాదికి పడే వాన 300 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మన అనంతపురంలోనే 550 దగ్గర పడుతుంది, సీతంపేట, పాడేరు కొండల్లో 1000 దాటుతుంది. మరి ఇక్కడ దానిమ్మ, అక్రోటు, గులాబీ ఎలా పండుతున్నాయి?

ఊట నీళ్లున్నాయి కాబట్టి అంటారు. నిజమే, కానీ అది సగం మాటే. మట్టి లేకపోతే ఆ ఊట నేరుగా లోయలోకే పోతుంది. ముందు మట్టిని ఆపింది రాతి గట్టు. సిమెంటు లేకుండా, రాయి మీద రాయి పేర్చి కట్టిన గట్టు అది. సిమెంటు లేకపోవడమే దాని బలం. వాన పడి మడి నానినప్పుడు వెనకాల నీటి బరువు పెరుగుతుంది. రాళ్ల సందుల్లోంచి నీరు కారిపోతే గట్టు నిలుస్తుంది, దారి లేకపోతే ఉబ్బి కూలుతుంది. మేస్త్రీ పని చేసే మనవాళ్లకు ఇది వేరే చెప్పాలా? రిటైనింగ్ గోడకు పైపులు వదిలేది ఇందుకే కదా. గట్టి నేల తగిలేదాకా పునాది తవ్వాలి, అడుగు వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నంగా, కాస్త కొండవైపు వాలేట్టు కట్టాలి. వెనక చిన్న రాళ్లు, ఆపైన మట్టి. ఎక్కువైన నీరు కింది మడిలోకి దిగేచోట రాళ్లు పరిచిన అలుగు ఉండాలి.

ఇక నీరు. ఫలజ్ అనే కాలువల్లో ఊట నీరు ఊరికి వస్తుంది. ఇలాంటివి ఒమాన్‌లో ఇప్పటికీ 3000 దాకా పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వంతు కాలాన్ని బట్టి ఉంటుంది: పూర్వం పగలు ఎండ నీడను, రాత్రి చుక్కలను చూసి లెక్క కట్టేవారు. చూసుకునే పెద్దను వకీల్ అంటారు, మన చెరువుల కింద నీరటి లాంటివాడు. మాకు బాగా నచ్చింది వరస. ముందు తాగడానికి, ఇంటి అవసరాలకు, తర్వాత చెట్లకు, ఆఖరున గడ్డికి, కూరగాయలకు. నీరు తగ్గిన ఏడాది ఆఖరి మడులను ఎండబెడతారు, చెట్లను బతికించుకుంటారు.

మన దగ్గర నీరు తగ్గితే ఏం చేస్తాం? ఇంకో బోరు. గల్ఫ్ జీతంలోంచి పోయిన డబ్బు లెక్క తీస్తే పెళ్లి, ఇల్లు, ఆ తర్వాత బోరే ఉంటుంది. రాతి నేలలో నీరు పగుళ్లలోనే ఉంటుంది. పైన వాన ఇంకకపోతే పగులు ఎండుతుంది, తర్వాత ఎంత లోతుకు దించినా దుమ్మే. ఒక ఎకరం మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే అది 40 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. గట్టు లేని వాలులో ఆ నీరు ఊరికే పోదు, పై మట్టిని కూడా పట్టుకుపోతుంది.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. జబల్ అఖ్దర్‌లోనూ కుర్రాళ్లు పట్నం ఉద్యోగాలకు దిగిపోయారు. చాలా మడుల్లో పని చేస్తున్నది మన ఉపఖండం కూలీలే. చూసేవాళ్లు లేనిచోట గట్లు జారిపోయాయి. ఒక రాయి పడిన రోజే తిరిగి పెడితే గంట పని. ఒక వానాకాలం వదిలేస్తే మడి మొత్తం పోతుంది. అరకు, పాడేరు వైపు వరి మళ్లకైనా, మన వాలు చెలకకైనా ఇదే లెక్క. మనం ఇక్కడుంటే అక్కడ రాయి ఎవరు పెడతారు? అన్నదమ్ముల్లో ఒకరికో, పక్క రైతుకో ఆ పని ఒప్పజెప్పి, ఇల్లు గడవడానికి పంపే డబ్బుతో కలపకుండా దానికి కూలి విడిగా పంపాలి. అడగకుండా ఎవరూ ఊరికే చేయరు, చేయాలనుకోవడమూ న్యాయం కాదు.

ఈసారి సెలవుకు వెళ్లేవాళ్లు వానలకు ముందే ఒక పని చేయండి. లెవెల్ పైపు పట్టుకోండి, బుడగలు లేకుండా నీళ్లు నింపండి. ఒకరు పై మూల నుంచి మొదలుపెట్టండి, రెండోవారు నాలుగైదు మీటర్ల దూరంలో నీటి మట్టం సమానమయ్యేచోట మేకు కొట్టాలి. మేకులన్నీ కలిపితే వచ్చే వంకర గీతే గట్టు కట్టాల్సిన దారి. తాడు లాగి తిన్నగా కట్టకండి, పల్లం ఉన్నచోట నీరు చేరి తెగ్గొడుతుంది. పై మెట్టుతో మొదలుపెట్టి కిందికి రండి. ఒక్క సెలవులో ఒక్క గట్టు అయినా చాలు. గట్టు అంచున వట్టివేరో, ఊళ్లో దొరికే గట్టి గడ్డో నాటి రండి.