బ్రోకరు బాకీకి ఫీజు పీకరు

(విజయవాడ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధాన్యం కాటా దగ్గర బస్తాకి కిలో తరుగు ఎక్కువ తీస్తే మిల్లరుతో పోట్లాడతాం. అదే కరెంటు లెక్క అనేసరికి నోరు మెదపం. అది మనకు అర్థమయ్యేది కాదనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

పామర్రు దగ్గర ఐదుగురు రైతులం కలిసి చిన్న మినపపప్పు మిల్లు పెట్టుకున్నాం. సర్వీసు 50 హెచ్‌పీకి తీసుకున్నాం. మోటార్లన్నీ కలిపినా 30 దాటవు. ఒక బ్రోకరు వచ్చి, "లోడు తగ్గించి పెడతాను, బిల్లులో మిగిలేదాంట్లో ఏడాదిపాటు మూడో వంతు నాది" అన్నాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. చదివించుకోకుండా సంతకాలు పెట్టాం. ఆ తప్పు మాదే.

లోడు తగ్గింది. ఏడాది తిరిగాక 38,000 రూపాయలు కట్టమన్నాడు. కట్టకపోతే ఫీజులు పీకిస్తానన్నాడు. మాలో ఇద్దరు భయపడి ఇచ్చేద్దామన్నారు.

ఆ రాత్రి రెండేళ్ల బిల్లులు చాప మీద పరుచుకుని కూర్చున్నాం. బిల్లులో ఎనర్జీ చార్జీలు ఒక వరుస, ఫిక్స్‌డ్ చార్జీలు ఇంకో వరుస. మొదటిది కాల్చిన యూనిట్లకు, రెండోది కాంట్రాక్టు లోడుకు. అతను చేసిన పని వల్ల తగ్గేది ఆ రెండో వరుసే. అందులో నెలకు 1,119 తగ్గింది. ఏడాదికి 13,428. మూడో వంతు 4,476.

మరి 38,000 ఎక్కడిది? ఆ ఏడు మినుముకు పల్లాకు తెగులొచ్చింది. సరుకు లేక నాలుగు నెలలు మిల్లు మూసేశాం. మూసిన మిల్లుకు బిల్లు తగ్గదా? ఆ తగ్గుదలను కూడా తన ఖాతాలో వేసుకున్నాడు. పంట పోయిన బాధ మాది, వాటా అతనిది!

ఇక ఫీజు పీకే సంగతి. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం బకాయి కోసం కరెంటు ఆపాలంటే ఆ బకాయి పంపిణీ సంస్థకు ఉండాలి. కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. బ్రోకరు ఫీజు సంస్థ బకాయి కాదు. కాబట్టి తగాదా నడుస్తున్నా కరెంటు బిల్లు మాత్రం గడువులోనే కట్టండి. అది ఆపితే అతనికి మనమే కత్తి అందించినట్టు. నోటీసు లేకుండా ఎవరైనా లైను తీస్తే 1912కు ఫోన్ చేయండి, విద్యుత్ వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు పెట్టండి. అయితే ఆ ఫోరం సంస్థ మీద ఫిర్యాదులే వింటుంది. బ్రోకరు తగాదాకు లోక్ అదాలత్, కాదంటే సివిల్ కోర్టు.

మధ్యలో ఇంకో మాట కూడా అన్నాడు. ఇందులో కొంత ఆఫీసులో పంచాలట. నిజమో అబద్ధమో తెలియదు. కానీ 2018లో మార్చిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇచ్చినవాడిదీ నేరమే. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. అలాంటి పద్దుకు ఒక్క రూపాయి ఇవ్వకండి.

మేం లెక్క అంతా తెలుగులో రాసి, బిల్లుల నకళ్లు జతచేసి, రసీదు వచ్చేలా రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. 4,476 బ్యాంకు ద్వారా కట్టేశాం. సంతకం పెట్టినంతవరకు అది న్యాయంగా ఇవ్వాల్సిందే. మిగతాది కోర్టులో తేల్చుకోమన్నాం. అతను ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. మిల్లు ఆడుతూనే ఉంది.

మీలో చెరువులకో, మిల్లులకో ఇలాంటి కాగితం రాసిచ్చినవాళ్లుంటే ఆ కాగితం, లోడు మారకముందు పన్నెండు బిల్లులు, మారాక పన్నెండు బిల్లులు పట్టుకుని సంఘం ఆఫీసుకు రండి. కూర్చుని చూద్దాం.